చివరగా ఏం మార్చారు? ఫోర్‌వీల్ జీపు సమస్యలు, పరిష్కారాలు

అనంతపురంలో నాకు జీపు పని నేర్పింది ఒక పెద్దాయన, మెకానిక్. ఏ సమస్య చెప్పుకున్నా బానెట్ ఎత్తకముందే ఒకటే అడిగేవాడాయన: "అంతకుముందు దీంట్లో ఏం మార్చినావప్పా?"

పదహారేళ్లుగా నా దగ్గర ఒకే డీజిల్ జీపు ఉంది. కమాన్ కట్టల (ఉక్కు పట్టాలు పేర్చిన స్ప్రింగుల) మీద నడిచే పాత రకం, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేలా చేత్తో వేసే ఫోర్‌వీల్ లివర్. దానికి టైర్లు పెంచాను, ఎత్తు పెంచాను, పైన క్యారియర్, ముందు లైట్లు, లోపల రెండో బ్యాటరీ పెట్టించాను. నేనూ మా తమ్ముడూ పెనుకొండ గుట్టలు, గండికోట చుట్టుపక్కల బండదారులు, హగరి ఇసుక దిబ్బలు అన్నీ దాంట్లోనే తిరిగాం. దారిలో ఆగిపోయినప్పుడల్లా కారణం ఒక నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. తిరగేస్తే సగానికి పైగా నేను చేయించిన మార్పుల వెంట వచ్చినవే. కాబట్టి కింద ఏ లక్షణం మీ బండిలో కనిపించినా, ముందు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పుకోండి.

60 దాటాక చిన్న గుంత తగిలితే స్టీరింగ్ వణికిపోతోంది

గుత్తి దాటాక హైవే మీద వంతెన జాయింటు తగిలింది. అంతే, ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. స్టీరింగ్ చేతుల్లోంచి లాగేసుకుంటోంది, డాష్‌బోర్డు మీద సామానంతా కింద పడింది. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. వేగం బాగా తగ్గాక వణుకు దానంతటదే ఆగుతుంది.

చాలామంది నేరుగా వీల్ బ్యాలెన్సింగుకు వెళ్తారు. అది వేరే జబ్బు. గుంతతో సంబంధం లేకుండా ఒక వేగం దగ్గర సన్నగా వణికి, ఆ వేగం దాటగానే పోతే అది బ్యాలెన్సింగ్. గుంత తగిలాకే మొదలై, బండి నెమ్మదించేదాకా ఆగకపోతే ఎక్కడో జాయింటు వదులై ప్లే ఉన్నట్టు.

ప్లే వెతికే పద్ధతి ఇది. ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు మేర అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చేయి పెట్టి చూడాలి. మా పెద్దాయన బొటనవేలిని సగం జాయింటు గిన్నె మీద, సగం దాంట్లోకి దిగే పిన్ను మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. గ్రీజూ మట్టీ కలిసి నల్లగా గట్టిపడిన చోట కంటికి ఏమీ కనపడదు. వేలికి మాత్రం "టక్" మని చిన్న దెబ్బ తెలుస్తుంది. టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ కొసలు), డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ), స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, కమాన్ కట్టల బుష్‌లు, అన్నీ ఇలాగే చూడాలి.

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే ఆ కదలిక పోతే వీల్ బేరింగ్ వదులు. తొక్కినా ఉంటే కింగ్‌పిన్, అంటే చక్రం పక్కకు తిరగడానికి కీలులా ఉండే పిన్ను. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే ఈ రెంటిలో మంచిదాన్ని అనవసరంగా మార్చాల్సిన పని ఉండదు.

నా బండిలో ఇవన్నీ కొత్తవి వేశాక కూడా వణుకు పోలేదు. అప్పుడు పెద్దాయన మళ్లీ అదే అడిగాడు. వణుకు మొదలవడానికి రెండు నెలల ముందు ఎత్తు కోసం ముందు కట్టలకు పొడవైన షాకిళ్లు (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే లంకెలు) వేయించాను. కట్ట ఒక వైపు దిగడంతో దానికి బిగించిన యాక్సిల్ (చక్రాల ఇరుసు) కూడా కాస్త ముందుకు తిరిగింది. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా కాక వాలుగా ఉంటుంది చూడండి, ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను నేరుగా పోతుంది. జీపులో ఆ వాలును క్యాస్టర్ అంటారు. షాకిల్ పెంచి నేను దాన్నే తగ్గించుకున్నాను.

అలైన్‌మెంట్ దగ్గర కోణం కొలిపించి, యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఒకవైపు మందంగా ఒకవైపు పల్చగా ఉండే ఉక్కు చెక్కలు వేయించాం. అవి తిరగేసి పెడితే ఉన్న వాలు కూడా పోతుంది, దగ్గరుండి చూసుకోండి. కట్ట పట్టాలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు పొడవైనది వేయాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. ఇదంతా చేయకముందు ఎవరో చెప్పారని, కుదుపులను పీల్చుకునే స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి వేయించాను. వణుకు తగ్గినట్టే అనిపించింది. ఏడాది తిరిగేసరికి కొత్త టై రాడ్ ఎండ్లు రెండూ అరిగిపోయాయి. డ్యాంపర్ జబ్బును కనపడకుండా చేస్తుంది, అంతే.

ఫోర్‌వీల్ లివర్ వెనక్కి రావడం లేదు

పెనుకొండ గుట్ట మీంచి వానకు తడిసిన రాళ్ల దారిలో దిగి, అదే ఊపులో తారు రోడ్డెక్కేశాం. రెండు మలుపులు తిరిగాక స్టీరింగ్ బరువైంది, బండిని ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టుంది. లివర్ లాగితే రాలేదు. ఇద్దరం కలిసి లాగాం, కదల్లేదు. పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు చూసి, "అన్నా, దాన్ని లాగొద్దన్నా, విరుగుతాది. తిన్నగా ఎనక్కి పో" అన్నాడు. పదిహేను గజాలు రివర్సులో పోయామో లేదో, రెండు వేళ్లతో వచ్చేసింది.

మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ రకం జీపుల్లో ఫోర్‌వీల్ వేశాక ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడా సరిపోతుంది. తారు మీద జారదు కాబట్టి ఆ మెలి షాఫ్టుల్లోనే పేరుకుంటుంది, గేర్ల పళ్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. రివర్సులో మెలి విడుతుంది. తారు రోడ్డు కనపడగానే, ఎక్కక ముందే టూవీల్‌కు మార్చండి. తిన్నటి దారిలోనూ ఇలా బిగుస్తుంటే నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకే అరుగుదలలో ఉన్నాయో లేదో చూడండి. స్టెప్నీ పాత సైజుది వేసినా ఇదే జరుగుతుంది.

దిగబడింది

ఎక్కడ అన్నది ముఖ్యం. ఇసుకకు చేసే వైద్యం నల్లరేగడిలో పనికిరాదు.

బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుకలోనైనా, ఎండిన చిత్రావతిలోనైనా గాలి తగ్గించడమే మొదటి మందు. రోడ్డు మీద 28, 30 ఉండే గాలిని 16, 18కి దించండి. టైరు నేలకు ఆనే చోటు పొడవుగా సాగుతుంది, బండి ఇసుక మీద తేలినట్టు పోతుంది. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. చక్రం తిరిగినా బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో రెండు క్షణాలు తొక్కితే హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా) ఇసుక మీద కూర్చుంటుంది, ఇక పార తప్ప దారి లేదు. లోతైన గాడులున్న మడ్ టైర్లు ఇసుకను ఇంకా తొందరగా తవ్వుతాయి. కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి.

ఉరవకొండ దాటి విడపనకల్లు వైపు, కోయిలకుంట్ల పొలాల మధ్య, ప్రొద్దుటూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బే బంకమన్ను. అది టైరు గాడుల్లో, తర్వాత మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందులో మెత్తుకుంటుంది. చివరికి చక్రం తిరగనే తిరగదు. టైర్లు పెద్దవి చేసినవాళ్లకు ఆ సందు ఇంకా తక్కువ. మేము ఒకసారి చాగలమర్రి దగ్గర గడ్డపారతో ఒక్కో చక్రానికి అరగంట మట్టి పీకాం, వంద గజాలు పోయాక మళ్లీ అంతే. వాన పడిన రేగడి బాటలో వెళ్లకండి. ఇరుక్కుంటే ఎండ కొట్టేదాకా ఆగండి, లేదా పక్క ఊళ్లో ట్రాక్టరు అడగండి. ఊరి రైతులు ఎన్నడూ కాదనలేదు మాకు. చక్రాల జాడలతో చెడిన వాళ్ల గట్టును సరిచేసే రావాలి మనం.

ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత దగ్గరికి పోతోంది

కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో మాకు ఇది మూడుసార్లు జరిగింది. అప్పటికప్పుడు చేయాల్సింది: చిన్న గేరులోకి దిగి ఫ్యాను గట్టిగా తిరిగేలా చూడండి. అయినా ఎక్కుతుంటే పక్కకు తీసి, కాసేపు ఇంజన్ ఖాళీగా తిరగనిచ్చి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ముఖం కాలుతుంది. గంట ఆగి, చల్లారాక తీయండి.

కారణాల్లో మొదటిది నేను ముచ్చటపడి గ్రిల్లు ముందు బిగించిన లైట్లు. రేడియేటర్‌కు పోయే గాలికి అడ్డం. రెండోది గడ్డి గింజలు, వేరుశనగ పొట్టు, రెక్కల మధ్య పట్టేస్తాయి. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి. మూడోది మన బోరునీళ్లు. బిందె అడుగున తెల్లగా పొర పడుతుంది కదా, అదే పొర రేడియేటర్ గొట్టాల్లో పడుతుంది. ఎప్పుడో దారిలో అత్యవసరానికి పోసిన నీళ్లను తర్వాత మార్చకుండా ఏళ్లపాటు వదిలేశాను. రేడియేటర్ విప్పించి గొట్టాలకు రాడ్డు కొట్టించాక, లోపలి నుంచి సుద్దముక్కల్లా రాలింది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి. దారిలో తప్పక బోరునీళ్లు పోస్తే ఊరు చేరగానే తీసేయండి.

లాగుడు తగ్గింది, పొగ వస్తోంది

నల్లపొగ అయితే గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. అనంతపురం దుమ్ములో, అందులోనూ ముందు బండి వెనకే పోతుంటే, కంపెనీ పుస్తకం చెప్పిన గడువు లెక్కలోకి రాదు. తెల్లపొగతో ఇంజన్ మొరాయిస్తే డీజిల్లో నీళ్లు చేరి ఉండొచ్చు. ఫిల్టరు కింద మర వదులు చేసి నీళ్లు పోనివ్వండి. పల్లెల్లో క్యాన్ల డీజిల్ పోయించుకుంటే గుడ్డ వేసి వడకట్టండి. నీలిపొగ ఇంజన్ ఆయిల్ కాలడం. అది షెడ్డు పని.

గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది

లోపల నీళ్లు చేరాయి. గంటసేపు నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి వంకలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. పైన గాలి ఆడేందుకుండే చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే, సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. వెంటనే ఆయిల్ మార్చండి, ఆలస్యమైతే బేరింగులు తుప్పు పడతాయి. బ్రీదర్ శుభ్రం చేసి, దానికి సన్నటి పైపు తగిలించి బానెట్ ఎత్తుకు తీసుకెళ్లి కట్టండి. చాలా తక్కువ ఖర్చు. నేను చేయించిన మార్పులన్నిటిలో ఏనాడూ బాధపడనిది ఇదొక్కటే.

నీళ్లలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. లోపలికి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి, ఇంజెక్టర్లు విప్పి నీళ్లు బయటికి కొట్టించాకే స్టార్టు చేయాలి. పొంగుతున్న వంకలోకి అసలు దిగకండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆర్టీసీ బస్సులే వరదలో చిక్కుకున్నాయి. జీపు ఎత్తు ఎంతని?

వైరు కాలిన వాసన, తెల్లారి సెల్ఫ్ తిరగదు

100 వాట్ల లైట్లు రెండు పెడితే 12 వోల్టుల మీద దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. డాష్‌బోర్డు స్విచ్చులోంచి నేరుగా సన్నటి వైరు లాగితే కాలక మానదు. రిలే (స్విచ్చు సన్నటి కరెంటుతోనే పెద్ద కరెంటును కలిపే పరికరం) పెట్టించండి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. రాత్రి ఫ్రిజ్జు, లైట్లు వాడేవాళ్లు రెండో బ్యాటరీని, ఇంజన్ ఆగినప్పుడు రెంటినీ విడదీసే ఐసోలేటర్ మీద కట్టుకోవాలి, లేకపోతే రెండూ కలిసి దిగిపోతాయి.

ఒక పక్కకు ఒరిగింది

కమాన్ కట్టలో మెయిన్ పట్టా విరిగి ఉంటుంది, ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే. నా బండిలో కారణం పైక్యారియర్. రెండు క్యాన్ల నీళ్లు, స్టెప్నీ, డేరా పైనే కట్టేవాణ్ని. విరిగాక ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య కొయ్య దిమ్మె పెట్టి తాడుతో బిగించి, బెలుం గుహల దగ్గర్నుంచి తాడిపత్రి దాకా 20 వేగంతో వచ్చాం. పట్టా మార్పించేటప్పుడు కట్టల హ్యాంగర్ల దగ్గర ఛాసిస్‌ను వైరు బ్రష్షుతో గీకి చూడండి. మట్టి కింద వెంట్రుకంత బీట ఉంటే వెల్డింగుకు ముందు దాని రెండు కొసల్లో రంధ్రం వేయించాలి, లేకపోతే వెల్డింగు దాటి సాగుతుంది.

ఇప్పుడు పైన డేరా మాత్రమే కడుతున్నాం. నీళ్లు వెనక చక్రాలకు ముందు, నేల మీద.

ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోతే తిప్పి పంపారు

ఇదీ సమస్యే, మార్పుల వల్ల వచ్చేదే. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ముందు కట్టే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని తేల్చింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ముందు ఇదే చూస్తుంది. ఏ మార్పుకైనా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. నేను ముందు గార్డు, పొడవు షాకిళ్లు, పెద్ద టైర్లు తీసేసి పాతవే వేసుకున్నాను. షాకిళ్లతో పాటు ఆ ఉక్కు చెక్కలూ తీసేయాల్సి వచ్చింది, లేకపోతే వాలు ఈసారి ఎక్కువయ్యేది. పాత సామాను మా మిద్దె మీద గోనెసంచిలో గ్రీజు పూసి దాచి ఉండబట్టి పని ఒక్కరోజులో అయింది. మీరు కూడా విప్పినవి విప్పినట్టే, బోల్టులతో సహా, దాచండి.