కాలు ఎక్కదు, ఎక్కితే ఊడదు: ఎర్రమట్టి దారుల్లో క్లిప్‌లెస్ పెడళ్ళ తంటాలు

ఒడిశాలో పర్లాకిమిడి దాటి మోహన వైపు వెళ్తూ తారురోడ్డు వదిలి మొక్కజొన్న చేల మధ్య బాట పడితే, వానాకాలంలో సైకిల్‌కి పట్టే మట్టి మామూలుది కాదు. ఎర్రటి బంకమట్టి. టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుంటుంది, షూ అడుగున అట్ట కడుతుంది, చివరికి పెడల్ స్ప్రింగ్‌లోకి దూరి కూర్చుంటుంది. గ్రావెల్ బైక్, అంటే మట్టి, కంకర దారులకు చేసిన సైకిల్, కొన్న కొత్తలో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అన్నా, తేలికైన పెడల్ ఏది?" అని. రెండు వానలు చూశాక అదే మనిషి "అన్నా, కాలు రావట్లేదు" అని ఫోన్ చేస్తాడు. అందుకని ఏది కొనాలన్న సంగతి చివర్లో చెబుతాను. ముందు ఏది ఎందుకు మొరాయిస్తుందో చూద్దాం.

ఈ పేరే ఒక తిరకాసు. క్లిప్‌లెస్ అంటే క్లిప్పు లేనిది. కానీ కాలిని పట్టేసుకునేది ఇదే. పాత రేసు సైకిళ్ళకు పాదం ముందు భాగాన్ని పట్టి ఉంచే పంజరం, తోలు పట్టీ ఉండేవి, దాన్నే టో క్లిప్ అనేవారు. అది తీసేసి షూ కింద పెడల్‌లో ఇరుక్కునే చిన్న ముక్క పెట్టారు, దాన్నే క్లీట్ అంటారు. అందుకే క్లిప్‌లెస్ అయింది. లుక్ కంపెనీ 1984లో రోడ్డు రేసులకు తెచ్చింది, మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. మట్టిదారులకు పనికొచ్చే రెండు బోల్టుల చిన్న క్లీట్‌ని షిమానో కంపెనీ 1990లో ఎస్‌పీడీ పేరుతో తెచ్చింది. మనకు కావలసింది ఇదే రకం. రోడ్డు బైకుల మూడు బోల్టుల క్లీట్ షూ అడుగు నుంచి బయటికి పొడుచుకొని ఉంటుంది. ఏటవాలులో దిగి సైకిల్ నెట్టాల్సి వస్తే దాంతో రెండడుగులు వేయలేం.

కాలు ఎక్కట్లేదు

షూ పెడతారు, తొక్కుతారు, టక్కుమన్న శబ్దం రాదు. పెడల్ పాడైందని అనుకుంటారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు పెడల్ తప్పు ఉండదు.

ముందు షూ విప్పి చేత్తో పట్టుకుని క్లీట్‌ని పెడల్లోకి నొక్కి చూడండి. అప్పుడు కూడా ఎక్కకపోతే మట్టి కారణం కావచ్చు. క్లీట్ ముందు ముక్కు దగ్గరా, పెడల్ వెనక స్ప్రింగ్ కిందా చూడండి, గట్టిపడిన మట్టి పెంకు కనిపిస్తుంది. వేపపుల్లో, సన్నటి అలెన్ కీయో పెట్టి గీకేయండి. సీసాలో నీళ్ళు ధారగా పోస్తే మిగతాది పోతుంది. ఇనుప ఊచతో పొడవకండి, స్ప్రింగ్ అంచు గీసుకుపోతుంది. దారిలో పుల్ల దొరకకపోతే షూ అడుగుని పెడల్ అంచుకి రెండు దెబ్బలు కొట్టినా సగం మట్టి రాలుతుంది.

చేత్తో సులువుగా ఎక్కి, కాలికి వేసుకుని తొక్కినప్పుడే ఎక్కకపోతే తప్పు షూ రబ్బరుది. గ్రావెల్ షూలకు క్లీట్ రెండు పక్కలా రబ్బరు గుబ్బలు ఉంటాయి. అవి పెడల్ ఒంటిని తగులుతూ క్లీట్‌ని కిందికి దిగనివ్వవు. కొత్త షూతో ఈ బాధ ఎక్కువ, అరిగేకొద్దీ తగ్గుతుంది. అంతవరకు ఆగలేకపోతే పదునైన కత్తితో ఆ గుబ్బల లోపలి అంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లు కోయండి, లేదా క్లీట్‌కీ షూకీ మధ్య పలచని రేకు పెట్టి క్లీట్‌ని కాస్త ఎత్తండి. కోసిన రబ్బరు మళ్ళీ అతకదు, కొంచెం కొంచెంగానే కోయాలి.

స్ప్రింగ్ బిగువు మరీ ఎక్కువైనా ఇదే కథ. ఎస్‌పీడీ పెడల్ వెనక వైపు 3 ఎంఎం అలెన్ కీ పట్టే చిన్న మర ఉంటుంది. రెండు వైపులా క్లీట్ ఎక్కే పెడళ్ళయితే జతకి ఇవి నాలుగు. ఎడమకి తిప్పితే వదులవుతుంది, ఒక్కో టిక్కుకి ఒక్కో మెట్టు. కొత్తవాళ్ళు నాలుగింటినీ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, తర్వాత నాలుగింటికీ ఒకే లెక్కన బిగించుకోండి. ఒక వైపు ఆరు టిక్కులు, మరోవైపు రెండు ఉంటే కాలు ఏ వైపు పడిందో తెలియక టెన్షన్ తప్పదు.

కాలు ఊడట్లేదు

ఇది మాత్రం ప్రమాదం. గుణుపురం రైలు మార్గం మీద ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర నాకు జరిగింది. గేటు పడుతోంది, ఆగాలి, మడమ బయటికి తిప్పాను. షూ తిరిగింది, పెడల్ వదల్లేదు. సైకిల్‌తో సహా పక్కకి వాలిపోయాను. గేటు దగ్గర కూర్చున్న ముసలమ్మ నవ్వుతూ "పడిగలా, పడిగలా" అంది. ఒడియా రానివాడికి కూడా ఆ మాట అర్థమవుతుంది.

కారణం పెడల్ కాదు. క్లీట్ రెండు బోల్టుల్లో ఒకటి దారిలో ఎక్కడో రాలిపోయింది. మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ క్లీట్ గుండ్రంగా తిరుగుతోంది. షూని ఎంత తిప్పినా క్లీట్ దాని చోటే ఉండిపోతుంది, అందుకే స్ప్రింగ్ తెరుచుకోదు. మీకు ఇలా జరిగితే కంగారుపడి కాలు గుంజకండి. షూ పట్టీ విప్పేసి పాదాన్ని షూలోంచి బయటికి లాగండి, షూ పెడల్‌కే వేలాడనివ్వండి. తర్వాత షూని చేత్తో అటూ ఇటూ ఊపుతూ, స్ప్రింగ్ మర వదులు చేసి తీయాలి. అరగంట పట్టొచ్చు.

మళ్ళీ జరగకుండా ఉండాలంటే క్లీట్ బోల్టుల మరలకి గ్రీజు రాసి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించండి. ఆ కొలత చూపే పానా లేకపోతే పొట్టి 4 ఎంఎం అలెన్ కీ తీసుకుని చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పితే దాదాపు సరిపోతుంది. మొదటి రైడ్ తర్వాత ఇంకోసారి బిగించండి, ఎందుకంటే క్లీట్ అడుగు పళ్ళు షూ అడుగులోకి దిగి బోల్టు వదులవుతుంది. బోల్టు తల గుంతలో మట్టి గట్టిపడితే అలెన్ కీ సరిగా కూర్చోదు, బలవంతంగా తిప్పితే గుంత గుండ్రంగా అరిగిపోతుంది. నేను కొవ్వొత్తి మైనం కరిగించి ఆ గుంతల్లో పోస్తాను. విప్పాలనుకున్నప్పుడు సూదితో గీకితే వచ్చేస్తుంది.

బోల్టులు గట్టిగానే ఉండి కాలు ఊడకపోతే మర మరీ బిగువుగా ఉంది, లేదా క్లీట్ రకం మీకు సరిపడలేదు. షిమానోలో ఎస్‌హెచ్51 క్లీట్ మడమ పక్కకి తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 అయితే కాలు వేరే దిశల్లో గుంజినా వదిలేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి 56 మేలు. నంబరు క్లీట్ మీదే ఉంటుంది.

కాలు దానంతటదే ఊడిపోతోంది

పైకి ఎక్కేటప్పుడు లేచి తొక్కితే ఠక్కున కాలు జారిందంటే మొదట చూడాల్సింది క్లీట్ నంబరు. 56 వేసుకుని గట్టిగా పైకి గుంజితే ఊడటం దాని స్వభావమే, 51కి మారండి. 51 అయ్యుండి, స్ప్రింగ్ మర మరీ వదులుగా లేకున్నా ఊడుతుంటే క్లీట్ అరిగిపోయింది. కొత్త క్లీట్‌ని పక్కన పెట్టి ముందు ముక్కు అంచు పోల్చి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. షూతో రాళ్ళ మీద నడిచేవాళ్ళకి క్లీట్ తొక్కుడు కంటే నడకతోనే ఎక్కువ అరుగుతుంది.

క్రాంక్‌బ్రదర్స్ కంపెనీ ఎగ్‌బీటర్ రకం పెడళ్ళు వాడేవాళ్ళు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాటి క్లీట్ ఇత్తడిది, ఇనుప క్లీట్ కంటే తొందరగా అరుగుతుంది. పైగా ఎగ్‌బీటర్‌కి బిగువు మర ఉండదు, అరిగితే మార్చడమే. ఎడమ క్లీట్ కుడికి, కుడిది ఎడమకి మార్చి బిగిస్తే వదిలే కోణం 15 డిగ్రీలకీ 20 డిగ్రీలకీ మధ్య మారుతుంది. ఉన్న సర్దుబాటు అంతవరకే.

కిర్రు కిర్రుమంటోంది

షూని పెడల్‌కి తగిలించి చేత్తో అటూ ఇటూ తిప్పండి. శబ్దం వస్తే క్లీట్ ఎండిపోయింది, ఒక చుక్క చైన్ ఆయిల్ చాలు. రాకపోతే పెడల్ విప్పి మరకి గ్రీజు రాసి మళ్ళీ బిగించండి. అప్పటికీ పోకపోతే శబ్దం పెడల్‌ది కాదు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఇరుసు వైపు వెతకండి.

విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మరవకండి. మన ఊరి నల్ల సైకిల్‌కీ అంతే, అందుకే పాత సైకిల్ షాపు మెకానిక్‌కి ఇది చెప్పక్కర్లేదు. మనమే ఇంట్లో యూట్యూబ్ చూసి ఉల్టా తిప్పి క్రాంక్ మర చెడగొట్టుకుంటాం. పెడల్‌ని బట్టి 8 ఎంఎం అలెన్ కీ గానీ 15 ఎంఎం పానా గానీ పడుతుంది.

పెడల్ ఊగుతోంది, గరగరలాడుతోంది

క్రాంక్ పట్టుకుని ఊపండి, తర్వాత పెడల్ ఒక్కటే ఊపండి. పెడల్ మాత్రమే ఊగితే బేరింగ్ వదులైంది. మహేంద్రతనయలోనో వంశధార పాయలోనో ఇరుసు మునిగేంత నీళ్ళలో దాటినప్పుడు గ్రీజు పలచబడి ఇలా అవుతుంది. షిమానో పెడళ్ళలో ఉండేవి బాల్స్, కోన్ అమరిక. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, ఊగకుండా సులువుగా తిరిగేంత బిగిస్తే మళ్ళీ కొన్నేళ్ళు పనిచేస్తాయి. బాల్స్ చిన్నవి, కింద పళ్ళెం పెట్టుకోండి. ఒకసారి ధర చూసి ఆశపడి, బాగా తేలికైన పెడల్ జత ఒకటి కొన్నాను. ఒక్క వానాకాలానికే బేరింగ్ పోయింది. విప్పే దారి లేదు, విడిభాగాలు లేవు. తూకం మీద మోజు అక్కడితో తీరింది.

మోకాలు లాగుతోంది, వేళ్ళు మొద్దుబారుతున్నాయి

వేళ్ళు మొద్దుబారితే క్లీట్‌ని మడమ వైపు కొన్ని మిల్లీమీటర్లు జరపండి, షూ పట్టీ ఒక గడి వదులు చేయండి. మోకాలి పక్కన నొప్పయితే క్లీట్ కోణం చూడండి. మీరు మామూలుగా నిలబడినప్పుడు పాదం ఎటు చూస్తుందో క్లీట్ కూడా పాదాన్ని అటే ఉండనివ్వాలి. నాలుగు రైడ్లకీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

సరే, తేలికైనది ఏది?

జత బరువులు చూద్దాం. షిమానో ఎం520 సుమారు 380 గ్రాములు. ఎక్స్‌టీ ఎం8100 సుమారు 342. ఎక్స్‌టీఆర్ ఎం9100 సుమారు 310. కింది మెట్టుకీ పై మెట్టుకీ తేడా 70 గ్రాములు, ఒక కోడిగుడ్డు కంటే కాస్త ఎక్కువ. ధర మాత్రం కొన్ని రెట్లు పెరుగుతుంది. 750 మిల్లీలీటర్ల నీళ్ళ సీసాలో పదో వంతు తాగేస్తే ఆ తేడా తీరిపోతుంది. షూ అడుగున అంటిన ఎర్రమట్టి అంతకంటే బరువు.

ఇంకా తేలిక కావాలంటే షిమానోదే ఈఎస్600 సుమారు 279 గ్రాములే, కానీ దానికి క్లీట్ ఎక్కేది ఒక వైపే. మోహన వైపు చంద్రగిరి ఎక్కుడులో ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు పెడల్ తిరగేసుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు. మట్టి జారిపోవడంలో ఎగ్‌బీటర్‌కి సాటి లేదు, మధ్యలో అంతా ఖాళీయే, నాలుగు వైపులా క్లీట్ ఎక్కుతుంది. ఎగ్‌బీటర్ 3 జత సుమారు 280 గ్రాములు. బేరింగ్‌కి ఏటా ఒకసారి చెయ్యి పెట్టగలిగినవాళ్ళు, ఇత్తడి క్లీట్లు ముందే తెప్పించుకోగలిగినవాళ్ళు తీసుకోండి. టైటానియం ఇరుసు ఉన్నవి కొనేముందు తొక్కేవాళ్ళ బరువుకి పరిమితి ఉందేమో పెట్టె మీద చూడండి. చెప్పులేసుకుని సంతకి కూడా అదే సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి ఒక వైపు మామూలు పెడల్, ఒక వైపు ఎస్‌పీడీ ఉన్న షిమానో ఈహెచ్500 ఉంది. అది 383 గ్రాముల దాకా తూగుతుంది.

మన వైపు సైకిల్ షాపుల్లో ఇవేవీ దొరకవు. విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి, లేదా ఆన్‌లైన్‌లో కొనాలి. తెప్పించేటప్పుడే ఇంకో జత క్లీట్లు, నాలుగు విడి బోల్టులు కూడా రాయించుకోండి. నా సైకిల్‌కి ఇప్పుడు ఎం520 ఉంది. సీటు కింద సంచిలో పాత ఫిల్మ్ డబ్బాలో రెండు క్లీట్ బోల్టులు, ఒక 4 ఎంఎం అలెన్ కీ, ఒక కొవ్వొత్తి ముక్క ఉంటాయి.