గ్యాస్ గీజర్ ఎక్కడ బిగించాలి, దాని పొగ ఎటు పోవాలి

చలికాలం రాగానే స్నానాల గది వెంటిలేటర్ పలకల సందుల్లో పాత దినపత్రికలు కుక్కడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే గాని, ఆ గదిలోనే గ్యాస్ గీజర్ ఉంటే అది ప్రాణాల మీదికి తెస్తుంది. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించే గీజర్, నాలుగైదు వంటింటి బర్నర్లు ఒకేసారి వెలిగినంత గ్యాసును కాలుస్తుంది. పది నిమిషాల్లో ఖర్చయ్యే సుమారు 150 గ్రాముల గ్యాసు పూర్తిగా మండడానికి దాదాపు 2 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలిలో ఇది నాలుగో వంతు. గాలి చాలనంత మాత్రాన మంట వెంటనే ఆరిపోదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతూ మండుతూనే ఉంటుంది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. లీకు తెలియడానికి సిలిండర్ గ్యాసులో కలిపే ఘాటు వాసన సైతం మంటలో కాలిపోతుంది కనుక ముక్కును నమ్ముకోవడానికి లేదు.

అందువల్ల గీజర్‌ను బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో బయటి గోడకు బిగించి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తీసుకోవాలి. అద్దాలతో పూర్తిగా మూసిన బాల్కనీని గదిగానే లెక్కించాలి. అపార్ట్‌మెంట్లలో స్నానాల గదుల వెంటిలేటర్లన్నీ తెరుచుకునే ఇరుకు డక్టులోకి పొగను వదిలితే, అది పై అంతస్తు వారి గదిలోకి చేరవచ్చు.

గీజర్‌ను వాష్ ఏరియా లోపలే పెట్టక తప్పనప్పుడు పొగగొట్టం ఉన్న రకాన్నే కొని, ఆ గొట్టాన్ని వీలైనంత తక్కువ వంపులతో, కిటికీలకు దూరంగా ఆరుబయట తేలేలా బిగించాలి. తాజా గాలి రావడానికి కింద ఒక జాలీ, పైన మరొక జాలీ ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలుననుకోవడం పొరపాటు, ఎందుకంటే గాలి లోపలికి వచ్చే దారి లేనప్పుడు ఆ ఫ్యానే గొట్టంలోని పొగను వెనక్కి లాగుతుంది.

మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మారినా, గీజర్ మూతపై మసి కనిపించినా మెకానిక్ శుభ్రం చేసేదాకా వాడకూడదు.

ఇప్పటికే స్నానాల గదిలో గీజర్ ఉన్నవారు దాన్ని మార్పించే వరకు, తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకొని, గీజర్ కట్టేసి, గది గాలాడాకే స్నానం చేయాలి. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే వెంటనే బయటికి రావాలి. ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి, ఆరుబయటికి చేర్చి, 108కు ఫోన్ చేయాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ విషప్రభావంలోనూ మామూలు అంకెనే చూపవచ్చు కనుక, గ్యాస్ గీజర్ నడుస్తుండగా పడిపోయిన సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి.