స్లోవాకియా కుర్ర స్కేటర్‌ని జూనియర్ రోజుల నుంచే ఫాలో అవ్వడం ఎలా

ఫిగర్ స్కేటర్‌ని ఒలింపిక్స్‌లోనే మొదటిసారి చూడటమంటే ఇంటర్వెల్ తర్వాత సినిమా హాల్లోకి వెళ్లడమే. జూనియర్ రోజుల నుంచి చూడండి. అందులోనూ స్లోవాకియా లాంటి చిన్న దేశం వాళ్లని చూడండి, ఎందుకంటే అక్కడ ఒక్క కుర్రాడు ఎన్నో స్థానంలో వచ్చాడన్న దాన్ని బట్టే వచ్చే ఏడాది ఆ దేశం నుంచి ఎంతమంది పోటీకి వెళ్లొచ్చో తేలుతుంది. ఉదాహరణకి స్లోవాకియా స్కేటర్ ఆడం హగారాని తీసుకుందాం.

ముందు పుట్టిన తేదీ చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది. స్కేటింగ్ సీజన్ జూలై 1న మొదలవుతుంది, ఆ రోజుకి నిండిన వయసే లెక్క. సింగిల్స్‌లో, అంటే ఒక్కరే ఆడే విభాగంలో, జూనియర్ అంటే పదమూడు నిండాలి, పంతొమ్మిది నిండకూడదు. సీనియర్‌కి ఇదివరకు పదిహేను చాలు, 2023-24లో పదహారు చేశారు, 2024-25 నుంచి పదిహేడు. హగారా 2006 ఏప్రిల్‌లో పుట్టాడు కాబట్టి 2024-25 అతనికి ఆఖరి జూనియర్ సీజన్. ఒకే ఏడాది జూనియర్ ఫలితాల్లోనూ సీనియర్ ఫలితాల్లోనూ అతని పేరు కనిపిస్తే కంగారు పడొద్దు, వయసు సరిపోతే రెండూ ఆడొచ్చు.

తర్వాత క్యాలెండర్. ఆగస్టులో జూనియర్ గ్రాండ్ ప్రి అనే పోటీల వరస మొదలవుతుంది. మామూలుగా ఏడు పోటీలు, ఒక్కో స్కేటర్ గరిష్ఠంగా రెండే ఆడగలడు. గెలిస్తే 15 పాయింట్లు, రెండో స్థానానికి 13, మూడో స్థానానికి 11, అలా తగ్గుతూ వస్తాయి. మొత్తం మీద మొదటి ఆరుగురు ఫైనల్‌కి వెళతారు. ఈ పోటీల్ని అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌యూ, తన యూట్యూబ్ ఛానెల్‌లో చూపిస్తూ వచ్చింది, పాతవి కూడా వెతికి చూడొచ్చు. స్లోవాకియాలో జరిగే పోటీ అయితే అక్కడి టైమ్‌కి వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు కలపండి, మన టైమ్ వస్తుంది.

డిసెంబర్‌లో వచ్చే జాతీయ పోటీల దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తికమక పడతారు. చెక్, స్లోవాక్, పోలండ్, హంగరీ స్కేటర్లు అందరూ ఒకే చోట కలిసి ఆడతారు, తర్వాత ఫలితాల్ని దేశాల వారీగా విడదీస్తారు. కాబట్టి మొత్తం పట్టికలో నాలుగో స్థానం వచ్చినవాడు స్లోవాకియా ఛాంపియన్ అయి ఉండొచ్చు. ఇంకో సంగతి, జాతీయ పోటీల స్కోర్లు ఐఎస్‌యూ పర్సనల్ బెస్ట్‌లోకి, అంటే స్కేటర్ అత్యుత్తమ స్కోరు లెక్కలోకి, రావు. అక్కడ వచ్చిన పెద్ద నంబర్ చూసి ఆశలు పెంచుకోకండి.

ఇక అసలు పని స్కోర్ షీట్, అంటే ఒక్కో జంప్‌కి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూపే పట్టిక, చదవడం. పతకం వచ్చిందా లేదా అన్నది అందరూ చెబుతారు, కుర్రాడు ఎదుగుతున్నాడా లేదా అన్నది ఈ షీట్ ఒక్కటే చెబుతుంది. ట్రిపుల్ లుట్జ్ అనే జంప్ చూద్దాం, ట్రిపుల్ అంటే గాల్లో మూడు చుట్లు, డబుల్ అంటే రెండు. దాని బేస్ వాల్యూ, అంటే ఆ జంప్‌కి ఉన్న మూల పాయింట్లు, 5.9. జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు గ్రేడ్ ఇస్తారు, ఒక్కో గ్రేడ్ విలువ బేస్‌లో పది శాతం, అంటే 0.59. కింద పడితే గ్రేడ్ మైనస్ 5కి పోయి 2.95 మిగులుతుంది, పడినందుకు ఇంకో పాయింట్ కోత, చివరికి చేతికొచ్చేది 1.95. పడకుండా దిగినా తిరగడం చాలకపోతే పక్కన < గుర్తు పడుతుంది, బేస్ 80 శాతానికి తగ్గుతుంది. << పడితే అది డబుల్ కిందే లెక్క. e అంటే బ్లేడు తప్పు అంచు మీంచి ఎగిరాడని. x అంటే మాత్రం శుభవార్త, ప్రోగ్రామ్ చివర్లో చేసిన జంప్‌కి పది శాతం బోనస్. ఒకే జంప్‌ని వరసగా నాలుగైదు పోటీల షీట్లలో వెతకండి. < గుర్తు మెల్లగా మాయమవుతోందంటే ఆ కుర్రాడు సరైన దారిలో ఉన్నట్టే, స్థానం ఎంతైనా సరే.

ఈ చిన్న గుర్తుల బరువు ఎంతో 2024లో దక్షిణ కొరియాలోని గాంగ్‌వోన్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో కనిపించింది. హగారాకి రజతం వచ్చింది, స్వర్ణం గెలిచిన కొరియా స్కేటర్ కిమ్ హ్యోన్‌గ్యోమ్‌తో తేడా ఒక్క పాయింట్ కూడా లేదు. అంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక్క జంప్ దిగిన తీరే పతకం రంగు మార్చేస్తుంది. అదే ఏడాది తైపీలో జూనియర్ వరల్డ్స్‌లో, అంటే జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, హగారాకి మూడో స్థానం, 2025లో హంగరీలోని డెబ్రెట్సెన్‌లో మళ్లీ మూడు. ఈ వరల్డ్స్‌లో దేశం నుంచి ఒక్కడే ఆడినప్పుడు మొదటి రెండు స్థానాల్లో వస్తే తర్వాతి ఏడాదికి ముగ్గురికి చోటు, మూడు నుంచి పది లోపు వస్తే ఇద్దరికి. అందుకే స్లోవాకియా వాళ్లకి పదో స్థానం కూడా పండగే, తన తర్వాత వచ్చే ఇంకో కుర్రాడికి అది తలుపు తెరుస్తుంది.

తొలి ఫలితాలు బాగాలేవని ఎవరినీ వదిలేయకండి. బ్రటిస్లావాలో పుట్టిన ఒంద్రెయ్ నెపెలా పదమూడేళ్లకే 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్ ఆడి 22వ స్థానంలో వచ్చాడు. చిన్నప్పటి నుంచీ శిక్షణ ఇచ్చిన కోచ్ హిల్డా ముద్రా దగ్గరే కొనసాగాడు, 1968లో ఎనిమిదో స్థానం, 1971 నుంచి 1973 దాకా వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్, 1972 సప్పోరోలో చెకోస్లోవాకియా తరఫున ఒలింపిక్ స్వర్ణం. అతని పేరు మీదే బ్రటిస్లావాలో నెపెలా మెమోరియల్ పోటీ జరుగుతుంది, స్లోవాక్ కుర్రాళ్లు సొంత ప్రేక్షకుల ముందు సీనియర్లతో పోటీ పడేది అక్కడే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే దాని స్కోర్ షీట్లతో మొదలుపెట్టండి, ఎస్‌వీకే (SVK) అని స్లోవాకియా కోడ్ ఉన్న పేర్లని గుర్తు పెట్టుకుని, అదే పేర్లని డిసెంబర్ ఫలితాల్లో మళ్లీ వెతకండి.