స్లైడ్‌లో బొమ్మ మసకబారితే, వీడియో మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఆన్‌లైన్ కోర్సు కోసం పవర్‌పాయింట్‌లో తయారుచేసిన పాఠం మన కంప్యూటర్‌లో చక్కగా కనిపించి, విద్యార్థి దగ్గరకు చేరేసరికి చెడిపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. ఇటువంటప్పుడు అదే బొమ్మనో వీడియోనో మళ్లీ మళ్లీ చేర్చి చూడటం కంటే, లోపం ఎక్కడ చొరబడిందో ముందుగా తేల్చుకోవడం మేలు: స్లైడ్‌లో పెట్టేటప్పుడా, ఫైల్‌ను సేవ్ చేసేటప్పుడా, లేక దాన్ని వేరే రూపంలోకి మార్చి పంపేటప్పుడా?

సమస్య: బొమ్మ మసకగా ఉంది

మొదట అసలు బొమ్మను విడిగా తెరిచి, దాని వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూడండి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరపై స్లైడంతా పరుచుకోవాల్సిన బొమ్మకు దాదాపు అంత వెడల్పూ అవసరం. 600 పిక్సెళ్ల బొమ్మను సాగదీస్తే ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. వెతుకులాట ఫలితాల పేజీ నుంచి కాపీ చేసినప్పుడు చాలాసార్లు మన చేతికి వచ్చేది చిన్న నమూనా బొమ్మే కాబట్టి, అసలు పేజీని తెరిచి, వాడుకునే హక్కు ఉందో లేదో చూసుకుని, పూర్తి పరిమాణంలో దించుకోవాలి.

అసలు బొమ్మ బాగానే ఉండి, సేవ్ చేశాక నాణ్యత తగ్గితే, కారణం పవర్‌పాయింట్ తనంతట తాను చేసే కుదింపు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ వరుసలో వెళ్లి, ‘ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ’ కింద ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’ అన్నదాన్ని ఎంచుకోండి. అయితే ఒకసారి పోయిన పిక్సెళ్లు దీనితో తిరిగి రావు. బొమ్మపై రైట్ క్లిక్ చేసి ‘ఛేంజ్ పిక్చర్’ ద్వారా అసలు ఫైల్‌ను మళ్లీ ఇవ్వాలి. అలా చేస్తే స్థానం, పరిమాణం చెదరవు.

స్క్రీన్‌షాట్‌లో అక్షరాల అంచుల చుట్టూ బూడిదరంగు మరకలు కనిపిస్తున్నాయంటే, దాన్ని జేపీఈజీ రూపంలో సేవ్ చేశారని అర్థం. ఫొటోలకు ఆ రూపం సరిపోతుంది గానీ, అక్షరాలూ గీతలూ ఉన్నవాటిని పీఎన్‌జీగానే సేవ్ చేయాలి.

స్లైడ్‌లో స్పష్టంగా ఉన్నది వీడియోగా మార్చాక మసకబారితే, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 1080పీ ఎంచుకున్నారో లేదో చూడండి.

సమస్య: ఫైల్ మోయలేనంత పెద్దదైంది

ఫైల్‌కు ఒక నకలు తీసి, దాని పేరు చివర ఉన్న పీపీటీఎక్స్‌ను జిప్‌గా మార్చి తెరవండి. లోపల ‘పీపీటీ’ ఫోల్డర్‌లోని ‘మీడియా’ ఫోల్డర్‌లో బొమ్మలూ వీడియోలూ అన్నీ ఉంటాయి. పరిమాణం ప్రకారం పేర్చితే బరువంతా దేనిదో వెంటనే తెలుస్తుంది. వీడియోలదైతే ఫైల్, ఇన్ఫో కింద ‘కంప్రెస్ మీడియా’ వాడండి.

బొమ్మలదైతే క్రాప్ చేసిన భాగాలను అనుమానించాలి. క్రాప్ చేయడమంటే కత్తిరించి పారేయడం కాదు, దాచడం మాత్రమే. విద్యార్థుల పేర్లూ మార్కులూ ఉన్న స్క్రీన్‌షాట్‌ను క్రాప్ చేసి స్లైడ్ ఫైల్‌నే పంచితే, దించుకున్న ఎవరైనా ఆ దాచిన భాగాన్ని బయటికి లాగగలరు. అందువల్ల పరిమాణం సంగతి ఎలా ఉన్నా, ‘కంప్రెస్ పిక్చర్స్’లో ‘డిలీట్ క్రాప్డ్ ఏరియాస్’ను ఎంచుకోకుండా ఫైల్‌ను ఎవరికీ పంపవద్దు. అన్ని బొమ్మలకూ వర్తించాలంటే ‘అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్’ దగ్గర టిక్కు తీసేయాలి.

సమస్య: వీడియో మరో కంప్యూటర్‌లో ఆడటం లేదు

ఒక కారణం, వీడియోను ఫైల్‌లో చేర్చకుండా లింకు మాత్రమే ఇవ్వడం. ‘ఇన్ఫో’ పేజీలో ‘ఎడిట్ లింక్స్ టు ఫైల్స్’ కనిపించి, ఆ జాబితాలో మీ వీడియో ఉంటే ఇదే కారణం. వీడియోను తొలగించి, ఈసారి లింకుగా కాక నేరుగా ఇన్సర్ట్ చేయండి.

రెండోది, వీడియో లోపలి కోడెక్, అంటే దృశ్యాన్నీ శబ్దాన్నీ కుదించి నిల్వచేసే పద్ధతి. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉన్నా లోపలి దృశ్యం హెచ్‌ఈవీసీ పద్ధతిలో ఉండవచ్చు. కొన్ని ఫోన్లు అలాగే చిత్రీకరిస్తాయి, దాన్ని చదవలేని కంప్యూటర్లలో శబ్దం మాత్రమే రావచ్చు, లేదా ఏదీ రాకపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 దృశ్యం, ఏఏసీ శబ్దం ఉన్న ఎంపీ4గా మార్చి చేర్చండి.

గూగుల్ స్లైడ్స్‌లో అయితే స్లైడ్‌ల అనుమతి వేరు, డ్రైవ్‌లోని వీడియో అనుమతి వేరు. రెండింటినీ విద్యార్థులకు ఇవ్వాలి. పీడీఎఫ్‌గా మార్చి పంపితే మాత్రం వీడియో ఒక నిశ్చల చిత్రంగానే మిగులుతుంది కాబట్టి, దాని పక్కన లింకు రాయండి.

సమస్య: స్లైడ్ మారినప్పుడల్లా మాట తెగుతోంది

స్లైడ్‌లపై మీ గొంతును పవర్‌పాయింట్‌లోనే రికార్డు చేస్తున్నప్పుడు ఇలా జరిగితే, మైకులో లోపం లేదు. ఒక స్లైడ్ నుంచి మరొకదానికి మారే క్షణాల్లో పవర్‌పాయింట్ శబ్దాన్ని రికార్డు చేయదు. వాక్యం పూర్తిచేసి, కాసేపు ఆగి, స్లైడ్ మార్చి, అది పూర్తిగా తెరపైకి వచ్చాకే మాట్లాడటం మొదలుపెట్టండి. ఇప్పటికే తెగిపోయినచోట పాఠమంతా మళ్లీ చెప్పనక్కర్లేదు, శబ్దం స్లైడ్‌లవారీగా నిల్వ అవుతుంది కనుక ఆ ఒక్క స్లైడ్‌ను తిరిగి రికార్డు చేస్తే చాలు.