రిటైర్మెంట్ కోసం పొదుపు ఖాతా ఎలా ఎంచుకోవాలి?

మా బాబాయ్ గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో 30 ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశాడు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ధరకు పోయాయి, అన్నీ పైసలతో సహా రాసిన మనిషి. తన పేరు మీద మాత్రం ఒక్క పాస్‌బుక్ లేదు. మోకాళ్లు సహకరించక పని మానేసిన నెల నుంచే మందులకు కొడుకుని అడగాల్సి వచ్చింది. అది చూశాకే నేను ఈ ఖాతాల సంగతి పట్టించుకున్నాను.

ముందు మీ రాబడి ఎలా వస్తుందో చూసుకోండి

వడ్డీ ఎంత అని అందరూ మొదట అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. నెల జీతమా, రోజు గల్లానా, మిర్చి సీజన్‌లో ఒక్కసారిగా చేతికొచ్చే డబ్బా? మీ రాబడికి కుదరని ఖాతా రెండేళ్లకే ఆగిపోతుంది. జీతంలో పీఎఫ్ కోత ఉన్నవాళ్లకు పునాది పడినట్టే. మిగతావాళ్లు ఈ మూడింటిని చూడండి.

అటల్ పెన్షన్ యోజన

ఇది కేంద్ర ప్రభుత్వ పెన్షన్ పథకం. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టని వాళ్లకు మాత్రమే. 60 దాటాక నెలకు 1,000 నుంచి 5,000 దాకా పెన్షన్ ఖాయంగా వస్తుంది. 5,000 కావాలంటే 18 ఏళ్ల వయసులో ఈ పథకంలో చేరినవాళ్లు నెలకు 210 రూపాయలు కడితే చాలు. 30వ ఏట చేరితే 577, 40వ ఏట చేరితే 1,454. ఆలస్యం ఎంత ఖరీదో ఈ మూడు అంకెల్లోనే ఉంది. నెలనెలా కష్టమైతే మూడు నెలలకో, ఆరు నెలలకో కట్టే వీలుంది.

ఇదొక్కటే చాలనుకోకండి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 30 ఏళ్ల తర్వాత వచ్చే 5,000 ఈనాటి 870 రూపాయలతో సమానం.

పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్)

మార్కెట్ ఎత్తుపల్లాలంటే టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పోస్టాఫీసులోనూ, బ్యాంకుల్లోనూ తెరవొచ్చు. ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా లక్షన్నర. ఒకేసారి వేసినా, విడతలుగా వేసినా సరే. అందుకే సీజన్ రాబడి వాళ్లకు బాగా కుదురుతుంది. గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో వడ్డీ 7.1 శాతమైంది. ప్రభుత్వం దీన్ని మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 7.1 అలాగే ఉంటే, ఏటా ఏప్రిల్ మొదట్లో 60,000 వేసినవాళ్లకు 15 ఏళ్లకు 16 లక్షలు దాటుతుంది.

ఒక్క తేదీ గుర్తుంచుకోండి: 5. నెలలో 5వ తేదీ తర్వాత వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. లక్షన్నరను ఏప్రిల్ 5న కాకుండా 6న వేస్తే 887 రూపాయలు పోయినట్టే.

ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్)

రిటైర్మెంట్‌కి ఇంకా 20 ఏళ్లుంటే దీన్ని వదలకండి. డబ్బులో కొంత షేర్లలోకి వెళ్తుంది కాబట్టి రాబడికి గ్యారంటీ లేదు, కానీ ధరల పెరుగుదలను దాటే అవకాశం దీనికే ఎక్కువ. రిటైర్మెంట్ కోసమైతే ఇందులో టైర్-1 అనే రకం ఖాతా తీసుకోండి. షేర్ల గురించి తెలియకపోతే ఫారంలో ఆటో ఛాయిస్ అనేది పెట్టండి. వయసు పెరిగేకొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది. చివర్లో మొత్తం చేతికి రాదు, నిధి మరీ చిన్నదైతే తప్ప కొంత వాటాతో నెలవారీ పెన్షన్ కొనాల్సిందే. ఆ వాటా నిబంధన మారుతుంటుంది కాబట్టి చేరే రోజున అడిగి తెలుసుకోండి.

"పెన్షన్ ప్లాన్" అంటూ ఎవరైనా బీమా పాలసీ తెస్తే, మూడో ఏట మానేస్తే ఎంత తిరిగొస్తుందో కాగితం మీద రాసివ్వమనండి. రాయకపోతే సంతకం పెట్టకండి.

ఖాతా తెరిచే రోజు

ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు తీసుకెళ్లండి. ఫారంలో నామినీ గడి ఖాళీగా వదలొద్దు. పేరు వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయండి. పాస్‌బుక్ ఏ బీరువాలో, ఏ అరలో పెట్టారో ఆ రాత్రే ఇంట్లో వాళ్లకు చూపించండి.