కెమెరా పాఠాలు – 5వ భాగం: దూరమా, వెలుతురా?

పోయిన పాఠంలో షటర్ స్పీడు (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలి), ఎఫ్ నంబరు (లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలి), ఐఎస్ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలి, ఎక్కువ పెంచితే బొమ్మలో గింజలు) మూడూ ఒకదాన్నొకటి ఎట్లా లాగుతాయో చూసినాం కదా, ఆ హోంవర్కు చేసుంటే ఈ పాఠం సులువు, చెయ్యకపోయినా పర్లేదు గానీ మధ్యలో స్టాప్ అనే మాట వస్తే తికమక పడొద్దు, ఒక స్టాప్ అంటే వెలుతురు రెండింతలవ్వడమో సగమవ్వడమో, అంతే.

ఈసారి నేర్చుకునేది ఫోటో తియ్యడం కాదు. రెండు కెమెరాల్ని పక్కపక్కన పెట్టి ఏది మనకి పనికొస్తుందో మనమే తేల్చుకోవడం. నన్ను వారానికి ఇద్దరన్నా అడుగుతారు, అన్నా ఏ కెమెరా కొనమంటావు అని, నేను తిరిగి అడిగేది ఒకటే, నీ ఫోన్లో ఆఖరి రెండొందల ఫోటోలు చూపించబ్బా అని. సగం మంది అక్కడే మొహం మాడ్చుకుంటారు, నేనేదో వాళ్ళింటి గుట్టు అడిగినట్టు. ఎందుకడుగుతానో పాఠం అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఉదాహరణకి మా ఇంట్లో ఉన్న రెండూ తీసుకుందాం. ఒకటి నాది, కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2, 2016లో వచ్చింది. ఇంకోటి మా బామ్మర్దిది, కెనాన్ ఎస్ఎక్స్ 740, అది 2018ది. రెండూ ఒకే కంపెనీ కాబట్టి ఆ గొడవ లేదు, రెండూ ప్యాంటు జేబులో పడతాయి, బరువు ఒకటి 319 గ్రాములు ఇంకోటి 299, అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కినా ఆ 20 గ్రాముల తేడా మీ భుజానికి తెలీదు. రెండూ 20 మెగాపిక్సెలే. ఆఖరికి బ్యాటరీ కూడా ఒకటే, ఎన్‌బీ 13ఎల్, దానిది దీనికి వేసుకోవచ్చు, మా ఇద్దరికీ కలిపి మూడున్నాయి, ఎవరు ఊరికి పోతే వాళ్ళు మూడూ ఎత్తుకుపోతారు, అది వేరే పంచాయతీ. ఛార్జింగ్ నిండా ఉంటే కంపెనీ లెక్కన 265 ఫోటోలు, రెండిటికీ అంతే.

పైపైన చూస్తే కవలపిల్లలు. కానీ ఇది చేసే పని అది చెయ్యలేదు, అది చేసేది ఇది చెయ్యలేదు. ఆ తేడా డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయరు, చిన్నక్షరాల్లో ఉండే రెండు అంకెల్లో ఉంటుంది.

మొదటి అంకె సెన్సార్ సైజు, సెన్సార్ అంటే లెన్స్ వెనక వెలుతురుని పట్టుకుని బొమ్మగా మార్చే పలక. జీ7లో ఉండేదాన్ని 1 అంగుళం సెన్సార్ అంటారు, నిజంగా కొలిస్తే 13.2 మిల్లీమీటర్లకి 8.8, యాడుంది సామీ అంగుళం? అది పాతకాలం టీవీ కెమెరాల్లో ఉండే గాజు ట్యూబుల లెక్క, ట్యూబు బయటి కొలతని పేరుగా చెప్పేవాళ్ళు, ట్యూబులు పోయినా పేరు మాత్రం పట్టుకు వేలాడతా ఉంది. ఎస్ఎక్స్‌లో ఉండేదాన్ని 1/2.3 అంగుళం అంటారు, కొలిస్తే సుమారుగా 6.2కి 4.6. వంటింట్లోకి పోయి ఒక కందిబద్ద తెచ్చి అరచేతిలో పెట్టుకుని చూడండి, దాదాపు అంతే ఉంటుంది. జీ7ది చిటికెనవేలి గోరంత. గుణించి చూస్తే ఇది 116 చదరపు మిల్లీమీటర్లు, అది 28 చిల్లర, అంటే నాలుగింతలు. 20 మిలియన్ల చుక్కల్ని గోరు మీద సర్దడానికీ కందిబద్ద మీద సర్దడానికీ ఎంత తేడా ఉంటుందో చూడండి, కందిబద్ద మీద ఒక్కో చుక్కకి దక్కే వెలుతురు అంత తక్కువ.

రెండో అంకె లెన్స్ మీద రాసుంటుంది. జీ7 మీద 1.8-2.8, ఎస్ఎక్స్ మీద 3.3-6.9, మొదటిది జూము చెయ్యకుండా ఉండే ఎఫ్ నంబరు, రెండోది పూర్తి జూములో. ఎఫ్ నంబరు చిన్నదైతే కన్ను పెద్దదని మూడో భాగంలో చెప్పుకున్నాం. 3.3ని 1.8తో భాగించి వచ్చినదాన్ని దాంతోనే గుణించండి, 3.36 వస్తుంది. దీన్ని ఇందాకటి నాలుగుతో గుణిస్తే పదమూడు దాటుతుంది. అంటే జూము చెయ్యకుండా, ఒకే షటర్ స్పీడుతో రెండూ పక్కపక్కన తీస్తే, నా కెమెరా సెన్సార్ మీద పడే మొత్తం వెలుతురు మా బామ్మర్ది కెమెరాకి పడేదానికి పదమూడింతలు. ఈ లెక్క కాగితం మీద ఒకసారి మీ చేత్తో వేసుకోండి, ఎందుకంటే రేపు మీరు ఏ రెండు కెమెరాలు పోల్చినా ఇదే లెక్క, అంకెలే మారతాయి.

లెక్క నిజమో కాదో చూద్దామని ఒక రాత్రి ఇద్దరం తిరుపతి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ బండి కాడికి పోయినాం. టైము తొమ్మిది దాటింది, బండికి ఒకటే ఎల్ఈడీ బల్బు, వైరుకి వేలాడతా. పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో తుడిచినప్పుడు ఆవిరి గుప్పున లేస్తుంది చూడండి, అది కావాలి మాకు. షటర్ 1/100 పెట్టుకున్నాం ఇద్దరం, దానికో కారణం ఉంది, మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి వందసార్లు మినుకుతుంది, కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తుంది, 1/100 గానీ 1/50 గానీ పెడితే ఫోటోలో అడ్డగీతలు రావు, అంతకంటే స్పీడు పెంచితే నల్లపట్టీలు పడే ప్రమాదముంది. రాత్రిపూట బజార్లో తీసేవాళ్ళు ఇది గోడ మీద రాసిపెట్టుకోండి.

నా దాంట్లో ఎఫ్ 1.8కి ఐఎస్ఓ 400 అడిగింది. వాడి దాంట్లో ఎఫ్ 3.3కి 1250. బండి దగ్గర నిలబడి చిన్న స్క్రీన్లో చూస్తే రెండూ బానే ఉన్నాయి, మా బామ్మర్ది మీసం కూడా మెలేసినాడు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే అసలు సంగతి బయటపడింది, నా ఫోటోలో ఆవిరి ఆవిరిలాగే ఉంది, దోశ మాస్టారు ముంజేతి మీద నూనె మెరుపు, చీపురు పుల్లలు విడివిడిగా కనిపిస్తున్నాయి. వాడి ఫోటోలో ఆవిరి బూడిదరంగు సున్నం పూసినట్టు, పుల్లలన్నీ కలిసి ఒకే ముద్ద. కెమెరాలో తప్పేం లేదు పాపం, గింజలు గింజలుగా వచ్చిన మచ్చల్ని తుడవబోయి పుల్లల్ని కూడా తుడిచేసింది.

అయితే జీ7 కొనేద్దామా అంటే ఆగండి, కథ సగమే అయింది.

జనవరిలో తెల్లారకముందే బండేసుకుని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోయినాం. జిల్లాలు మారినాక అది మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది కదా, ఇంకా చూడనివాళ్ళుంటే సిగ్గుపడాల్సిన విషయం. నీళ్ళలో మునిగున్న చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు కట్టుకుని పిల్లల్ని సాకుతుంటాయి. వాచ్‌టవర్ మీద నుంచి చూస్తే కంటికి చెట్ల మీద తెల్లగుడ్డలు ఆరేసినట్టుంటుంది. నా జీ7 జూము 24 నుంచి 100 మిల్లీమీటర్ల దాకానే, ఈ అంకె ఎంత పెద్దదైతే దూరంగా ఉన్నది అంత దగ్గరికొస్తుంది. వాడిది 24 నుంచి 960. వాడు కెమెరా రెయిలింగుకి ఆనించి, మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టి ఊపిరి బిగబట్టి తీసినాడు, 1/500, ఐఎస్ఓ 640. ఆ ఫోటోలో పిల్ల తల దూర్చింది తల్లి గొంతు సంచిలోకి, భుజాల దాకా లోపలే, బయట రెండు పిల్లరెక్కలు కొట్టుకుంటున్నాయి, తల్లి కన్ను మూసుకుంది. నేను అప్పటిదాకా కళ్ళతో కూడా చూడలేదు ఆ దృశ్యం, వాడి స్క్రీన్లోనే చూసినా.

నాది 20 మెగాపిక్సెల్ కదా, ఇంటికి పోయి కత్తిరించుకుంటాలే అనుకున్నా. ఇదిగో లెక్క. 960ని 100తో భాగిస్తే 9.6. పొడవులో 9.6 వంతు, వెడల్పులో 9.6 వంతు, రెండూ గుణిస్తే 92. 20 మిలియన్లని 92తో భాగిస్తే మిగిలేది రెండు లక్షల పైచిలుకు చుక్కలు, 570కి 380. వాట్సాప్ డీపీకి సరిపోతుందేమో, గోడకి కాదు. టిఫిన్ బండి కాడ నా కెమెరా ఎంత గెలిచిందో, ఇక్కడ అంతకంటే ఘోరంగా ఓడిపోయింది.

అంత జూములో పిట్టని వెతుక్కోవడమే పెద్ద పని, రోంత కదిలితే ఫ్రేములోంచి మాయం. దానికి ఎస్ఎక్స్‌లో ఒక బటను ఉంది, నొక్కి పట్టుకుంటే జూము వెనక్కొచ్చి బొమ్మలో ఒక డబ్బా చూపిస్తుంది, డబ్బాలోకి పిట్టని తెచ్చి వదిలేస్తే మళ్ళా ముందుకి పోతుంది. ఇంకోటి, అక్కణ్ణించి పులికాట్ సరస్సుకి పోయేసరికి పది దాటింది, దూరంగా ఫ్లెమింగోలు గులాబీ గీతలాగా ఉన్నాయి, 960 పెట్టి తీస్తే ఒక్కటీ నిలకడగా రాలే, కాళ్ళన్నీ పాముల్లాగా మెలికలు. నేల వేడెక్కి గాలి వణుకుతుంది కదా, ఎండాకాలం తారురోడ్డు మీద కనిపించేదే, దానికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున్నే పోవాలి, లేదా దగ్గరికి పోవాలి, అంతే.

తలకోన సంగతి కూడా చెప్పి ముగిస్తా. 270 అడుగుల జలపాతం, నీళ్ళు పాలధారలాగా రావాలంటే షటర్ నిదానంగా ఉండాలి. చెట్ల నీడలో ఎఫ్ 8 పెట్టినా నాకు 1/30 వచ్చింది, అది చాలదు. జీ7 లోపలే ఒక ఎన్‌డీ ఫిల్టరు ఉంది, కెమెరాకి నల్లకళ్ళద్దాలు అనుకోండి, మూడు స్టాపులు తగ్గిస్తుంది, 1/30 కాస్తా 1/15, 1/8, 1/4 అయింది. తువ్వాలు మడిచి బండ మీద పెట్టి, దాని మీద కెమెరా, రెండు సెకన్ల టైమరు, పాలధార వచ్చేసింది. ఎస్ఎక్స్‌లో ఆ ఫిల్టరు లేదు. రెండిట్లో ఏదీ నీళ్ళకి ఆగదు మాత్రం, తుంపర పడే చోట ప్లాస్టిక్ కవరు లేకుండా బయటికి తియ్యొద్దు.

రెండిటికీ కలిసి ఉన్న రోగం ఒకటుంది, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. మన ఎండలో మధ్యాహ్నం చంద్రగిరి కోట దగ్గర నిలబడితే స్క్రీన్లో మన మొహమే కనిపిస్తుంది గానీ రాజమహల్ కనిపించదు. నేను తువ్వాలు నెత్తిన కప్పుకుని తీస్తా, చూసేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. వీడియో ముఖ్యమైతే ఎస్ఎక్స్‌లో 4కె ఉంది, జీ7లో లేదు. వేలితో తాకి ఫోకసు పెట్టుకోవడం జీ7లో ఉంది, ఎస్ఎక్స్‌లో లేదు. దూరం, వెలుతురు రెండు గుణాలూ ఒకదాంట్లోనే కావాలంటే సోనీ ఆర్ఎక్స్ 100 మార్క్ 7 ఉంది, 1 అంగుళం సెన్సారే, జూము 200 దాకా, చిన్న వ్యూఫైండర్ కూడా పైకి లేస్తుంది, కాకపోతే కన్ను 2.8 దగ్గర మొదలవుతుంది, ధర అడిగితే మనం కింద కూర్చోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట. ఈమధ్య రీల్స్ పుణ్యమా అని జీ7ల రేట్లు నెత్తికెక్కి కూర్చున్నాయి, అందుకని చాలామంది పాతవి చూస్తున్నారు. నాదీ పాతదే. ఒక షాపులో, పేరెందుకులెండి, "కొత్తదానికంటే బాగుందన్నా" అని చేతిలో పెట్టినాడు, నేను షాపులోనే నాలుగు ఫోటోలు తీసి చూసుకుని మురిసిపోయి తెచ్చుకున్నా. ఆదివారం కపిలతీర్థం మీద మబ్బుల్లేని ఆకాశం తీస్తే కుడిచేతి పక్క పైమూల మూడు నల్లమచ్చలు, ఈగలు వాలినట్టు. సెన్సార్ మీద దుమ్ము. ఈ లెన్సు ఊడదు కాబట్టి ఊది తుడిచే వీల్లేదు, సర్వీసులో విప్పించాల్సిందే. షాపువాడు "అది మీ దగ్గర పడిందేమో" అన్నాడు, మాట ఖర్చు తప్ప ఏం మిగల్లేదు. నేను చేసిన తప్పేందంటే షాపులో లైటు తక్కువ, కెమెరా తనంతట తానే ఎఫ్ 1.8 పెట్టుకుంది, కన్ను అంత తెరిచుంటే దుమ్ము నీడ చెదిరిపోయి కనపడదు. కన్ను చిన్నదైతేనే నీడ గట్టిగా పడుతుంది. కాబట్టి కొనేముందు షాపు బయటికొచ్చి, జీ7 అయితే ఎఫ్ 11, ఎస్ఎక్స్ అయితే ఎఫ్ 8 పెట్టి ఆకాశాన్ని తియ్యండి, జూము చెయ్యకుండా ఒకటి, పూర్తిగా చేసి ఒకటి. తర్వాత జూము పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చెవి పెట్టి వినండి, గరగర వస్తే దండం పెట్టి వచ్చెయ్యండి. ఎస్ఎక్స్ లాంటి పొడుగు జూముకి ఇది ఇంకా ముఖ్యం, గొట్టం అంత బయటికొచ్చి లోపలికి పోయే ప్రతిసారీ దుమ్ముని వెంటేసుకుపోతుంది.

ఇప్పుడు హోంవర్కు. మీ ఫోన్లో ఆఖరి రెండొందల ఫోటోలు తెరవండి. నోటుబుక్కులో రెండు గడులు గీసుకుని, ఒకదానికి "దూరం చాల్లేదు", రెండోదానికి "వెలుతురు చాల్లేదు" అని పేరు పెట్టండి. రెండు వేళ్ళతో లాగి జూము చేసి చెడగొట్టుకున్న ప్రతి ఫోటోకీ మొదటిగడిలో గీత, చీకట్లో అలికినట్టొచ్చిన ప్రతిదానికీ రెండోగడిలో గీత. పెళ్ళి మంటపాలు, ఇంట్లో పిల్లలు, రాత్రి గోవిందరాజస్వామి గాలిగోపురం లైట్లు, ఇవన్నీ ఎక్కువగా రెండోదాంట్లోకే పోతాయి. బాగొచ్చినవాటికి ఏం గియ్యొద్దు, వాటికి మీ ఫోనే చాలు. నాకు మొదటిగడిలో 14 వచ్చినాయి, రెండోదాంట్లో 61. మా బామ్మర్దికి సరిగ్గా తిరగేసి వచ్చింది. కొనేముందు వాడూ నేనూ ఈ పని చెయ్యలేదు, అదృష్టం కొద్దీ ఎవరిది వాళ్ళకి కుదిరింది, మీరు అదృష్టం మీద పెట్టుకోవద్దు.

వచ్చే భాగంలో రా ఫైలు అంటే ఏంది, నీడలో నల్లగా పోయిన మొహాన్ని దాంట్లోంచి ఎట్లా వెనక్కి తేవాలో చూద్దాం. జీ7లో రా ఉంది, ఎస్ఎక్స్‌లో లేదు, కాబట్టి మా బామ్మర్దికి ఆ వారం సెలవు, మూడు బ్యాటరీలూ నావే.