సిమెంటు రోడ్డు పనికి ముందు గ్రామ పంచాయతీ తీసుకోవలసిన జాగ్రత్తలు

రోడ్డు పని ఖర్చు అంచనా తయారు కాకముందే సర్పంచి, కార్యదర్శి, ఆ వార్డు సభ్యుడు పంచాయతీరాజ్ ఇంజనీరుతో కలిసి వీధి పొడవునా నడిచి, మంచినీటి పైపులు ఎక్కడ కారుతున్నాయో, ఏ ఇళ్లకు ఇంకా కుళాయి కనెక్షను ఇవ్వలేదో గుర్తించాలి. ఆ పనులన్నీ పూర్తయ్యాకే కాంక్రీటు వేయించాలి. కొత్త రోడ్డును నెల తిరగకుండానే పైపు కోసం పగలగొట్టడం ప్రజాధనానికి చేసే అన్యాయం.

మురుగు కాలువ లేని వీధిలో ముందు కాలువ కట్టించాలి. రోడ్డు మట్టం పాత ఇళ్ల గడపలకంటే ఎత్తయితే వాన నీరంతా ఇళ్లలోకే చేరుతుంది.

పంచాయతీ తీర్మానం, పరిపాలనా అనుమతి (పనికి, ఖర్చుకు అధికారుల ఆమోదం), సాంకేతిక అనుమతి (అంచనాకు ఇంజనీరింగ్ అధికారి ఆమోదం) లేకుండా పని మొదలుపెట్టకూడదు.

క్యూరింగుకు, అంటే వేసిన కాంక్రీటు గట్టిపడేలా తడిగా ఉంచడానికి, కనీసం 14 రోజులపాటు నీరు ఎక్కడి నుంచి వస్తుందో, వేసవిలో మరీ ముఖ్యంగా, ముందే తేల్చుకోవాలి. ఆ రోజుల్లో ట్రాక్టర్లకు వేరే దారి కూడా అప్పుడే నిర్ణయించి ఊరంతా దండోరా వేయించాలి.